మానుట, నిలుపుకొనుట

ఏలూరునకు, తాడేపల్లిగూడెమునకు నడుమ రైలుమార్గముపై ఉన్న ఊరు ఉంగుటూరు. అక్కడినుండి దక్షిణముగా పోయినచో కొల్లేటి ప్రాంతము వచ్చును. 2006లో కొల్లేటి అభయారణ్యములోని చేపలచెరువుల గట్లను ప్రభుత్వము యంత్రములతో తెగగొట్టించినది. తరువాతి సంవత్సరములలో పలుచోట్ల ఆ గట్లే మరల లేచినవి. సరస్సును బాగుచేయుట ఒక పని. బాగైనదానిని నిలుపుకొనుట వేరొక పని. త్రాగుడు మానిన మనిషి విషయమును ఇట్టిదే.

నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమమువలన చదువు నేర్చుకొనుచున్న దూబగుంట స్త్రీలు తమ ఊరి సారాదుకాణమును మూయించినారు. 1992 నాటికి ఆ పోరాటము జిల్లా అంతట వ్యాపించి సారా వేలములను అడ్డగించినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలునకు వచ్చినది. కాని 1997లో ఆ సంపూర్ణ నిషేధము తొలగిపోయినది. మద్యము దుకాణములు మరల తెరచుకొనగానే, మానినవాని ముందు పాత ప్రశ్నయే నిలిచినది: ఇక నన్ను నిలుపునది ఏది?

ఈ ప్రశ్న ఎంత కఠినమో రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ ప్రయోగములవలన తెలియును. ఆయన కుక్కకు ఆహారముతోబాటు ఒక సంకేతము నిచ్చుచు, కొంతకాలమునకు ఆ సంకేతమునకే దాని నోరూరునట్లు చేసినాడు. పిమ్మట ఆహారము పెట్టక సంకేతమును మాత్రమే పలుమారులు ఇవ్వగా, నోరూరుట ఆగిపోయినది. అలవాటు నశించినదని తోచును. కాని కొంత విరామము తరువాత అదే సంకేతము నివ్వగా నోరు మరల ఊరినది! పాత అలవాటు చెరిగిపోక లోపల దాగియే ఉన్నదన్నమాట. కూలిడబ్బు చేతికందిన సాయంకాలము, పాత స్నేహితుని పిలుపు, దుకాణపు వాసన ఇట్టి సంకేతములే. ఏడాది మానినవానికి సైతము హఠాత్తుగా కోరిక పుట్టుట ఇందువలననే.

సంకేతములు దూరమైనచో ఏమగును? వియత్నాం యుద్ధములో పలువురు అమెరికను సైనికులు హెరాయినుకు బానిసలైనారు. 1971లో స్వదేశము చేరిన సైనికులను లీ రాబిన్స్ అను పరిశోధకురాలు పరిశీలించినది. అక్కడ బానిసలైనవారిలో, మూడేండ్లలోపల మరల బానిసలైనవారు నూటికి 12 మంది మాత్రమే. పరిసరములు మారుట దీనికొక ముఖ్యకారణమని చెప్పుదురు.

ఉంగుటూరు కూలివానికి ఊరు మార్చుట సాధ్యము కాదు. అట్టివానికి తోడు కావలెను. 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరమునకు వ్యాపారముపై వచ్చిన బిల్ విల్సన్ త్రాగుడు మాని కొన్ని నెలలే అయినది. పని చెడి ఒంటరిగా ఉన్నవేళ కోరిక పుట్టగా, తనవంటి వేరొక త్రాగుబోతుతో మాటలాడవలెనని అతడు వెదకినాడు. దొరకినవాడు రాబర్ట్ స్మిత్ అను వైద్యుడు. విల్సన్ మాటలతో స్మిత్ మానినాడు. కొద్దివారములకే ఒక వైద్య మహాసభకు పోయి మరల త్రాగినాడు. విల్సన్ అతనిని విడువలేదు. ఆ జూన్ 10వ తేదీ తరువాత, 1950లో మరణించువరకు, స్మిత్ మద్యము ముట్టలేదు. వీరిరువురి కలయికనుండియే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘము పుట్టినది. స్మిత్ జారిననాడే విల్సన్ విసిగి వెడలిపోయి ఉన్నచో ఆ సంఘము లేకపోయెడిది.

చాలకాలము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణుకు, మూర్ఛ రావచ్చును. ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. కనుక మొదటి దినములు వైద్యుని పర్యవేక్షణలో గడపవలెను. తరువాతి సంవత్సరముల భారము ఇంటివారిది, ఇరుగుపొరుగువారిది. జారినవానిని చూచి, "మరల మొదటికి వచ్చినావా" అని నవ్వువారు ప్రతి ఊరిలోను ఉందురు. "రేపు సాయంకాలము మా అరుగుమీదికి రా, కూర్చుందాము" అనువాడు ఒక్కడైనను ఉండవలెను.