తిరిగిన బండే నేర్పింది

హైదరాబాద్ మోటారు చరిత్ర అనగానే చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌నే చూపిస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డర్ ఇచ్చిన ఈ సిల్వర్ ఘోస్ట్ తయారై వచ్చేసరికి ఆయన లేరు, 1911లోనే కన్నుమూశారు. వెనక సీటు సింహాసనంలా ఉండే ఈ కారు ఊరేగింపులకే పరిమితమై, తిరిగింది కొన్ని వందల మైళ్లే. ఇదే మోడల్ 1907లో బ్రిటన్ రోడ్ల మీద దాదాపు 15,000 మైళ్లు నడిచి పేరు తెచ్చుకుంది! మన రిపేరు విద్యకు మూలం ఈ కారు కాదని నా వాదన. అరగని బేరింగు మెకానిక్‌కు ఏం నేర్పుతుంది? 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 ఆల్బియన్ బస్సులతో మొదలైంది. రోజూ జనాన్ని మోసే బండికి క్లచ్ ప్లేటు అరుగుతుంది, దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ పూడుతుంది, గతుకులకు కమాన్‌పట్టీ విరుగుతుంది. లోపం పట్టే చెవి అక్కడే పదునెక్కుతుంది.

నిలబెట్టిన బండిని కాపాడడమూ విద్యే కదా అనవచ్చు. నిజమే, అది తేలిక పనేం కాదు. కదలని కారులో పెట్రోలు జిగురై కార్బురేటర్ జెట్లను మూసేస్తుంది, బ్యాటరీ చస్తుంది, సీళ్లు ఎండి ఆయిల్ కారుతుంది, ఒకేచోట బరువు పడి టైర్లు చదునవుతాయి. కాకపోతే ఆ పనితనం ఒక్క బండి దగ్గరే ఆగిపోతుంది. బస్సు మాత్రం మర్నాడు పొద్దున్నే మళ్లీ రోడ్డెక్కాలి.