వేగుల దుస్తులకు ఢిల్లీ మట్టి రంగు: ఒక సూత్రానికి వ్యాఖ్యానం

మూలం: రహస్య సంస్థవారి ప్రాంతీయ దుస్తులకు రంగు ఆ నేలనుంచి రావాలి, అక్కడి అద్దకంలో నిలవాలి, బయటివారి కంటికి ఆనకూడదు, లోపలివారికి తెలియాలి, బదిలీకి లొంగాలి.

కల్పిత రాజ్యంలో ఒక గూఢచారి వ్యవస్థను నిలబెట్టి, ఉత్తర శాఖకు నీలం, దక్షిణ శాఖకు ఎరుపు, తూర్పు శాఖకు ఆకుపచ్చ అని పంచేసే ఫాంటసీ రచయితల కోసం ఈ సూత్రాన్ని నేనే కూర్చాను. వ్యాఖ్యానానికి ఉదాహరణలు మాత్రం చాలావరకు ఢిల్లీ, దాని పరిసరాలవే. రంగూ వేగూ నేలా ఒకే కథలో కలిసిన సందర్భం ఢిల్లీ చరిత్రలో నిజంగా ఉంది.

రహస్య సంస్థవారి: అసలైన గూఢచారికి యూనిఫాం ఉండదు. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు చెప్పిన వేగులు సన్యాసులుగా, వర్తకులుగా, సేద్యగాళ్లుగా, భిక్షుకులుగా తిరుగుతారు. 1968లో ఏర్పడిన మన విదేశీ గూఢచార సంస్థ ‘రా’ ప్రధాన కార్యాలయం ఢిల్లీ లోదీ రోడ్డులో ఉంది. అందులో పనిచేసేవారిని బట్టనుబట్టి పోల్చుకోలేం. దీనికి పూర్తిగా ఎదురుకొసన ఉన్నది నేషనల్ సెక్యూరిటీ గార్డ్. 1984లో పుట్టింది, గురుగ్రామ్ జిల్లా మానేసర్‌లో శిక్షణ పొందుతుంది. నల్ల దుస్తులవల్ల ఆ కమాండోలకు బ్లాక్ క్యాట్స్ అనే పేరు వచ్చింది. ఆ నలుపు దాక్కోవడానికి కాదు, వచ్చామని తెలియజేయడానికి.

కథకుడు ముందుగా తేల్చుకోవలసిందిదే: తన సంస్థ లోదీ రోడ్డు వైపుదా, మానేసర్ వైపుదా? రెండూ కావాలంటే దుస్తులు ఎప్పుడు వేసుకుంటారో నియమం పెట్టాలి. ప్రమాణం చేసే రోజున, దాడి చేసే రాత్రి, తోటివాడి అంత్యక్రియల్లో వేసుకోవచ్చు. రోజూ బజారులో యూనిఫాంతో తిరిగే వేగును పాఠకుడు రెండో పేజీలోనే నమ్మడం మానేస్తాడు.

ప్రాంతీయ: దేశానికో రంగు కట్టడం కథల్లో చాలా పాత అలవాటు. 12వ శతాబ్దపు పారశీక కవి నిజామీ తన హఫ్త్ పైకర్‌లో ఏడు దేశాల రాకుమార్తెలకు ఏడు రంగుల మందిరాలు కట్టించాడు. భారతదేశపు రాకుమార్తెకు వచ్చింది నలుపు, ఇరాన్ రాకుమార్తెకు తెలుపు. నేడు నిజాముద్దీన్ దర్గాలో సమాధి అయి ఉన్న ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో, 14వ శతాబ్దం తొలి ఏళ్లలో ఆ పద్ధతిలోనే హష్త్ బిహిష్త్ రాశాడు. మందిరాలకు ఆ పద్ధతి అందం తెచ్చింది. వేగులకు పనికిరాదు. చూడగానే ఏ దేశమో చెప్పేసే రంగు ఢిల్లీ మెట్రో లైన్లకు కావాలి, గూఢచారికి కాదు.

ఇంకో మార్గం అన్ని ప్రాంతాలకూ ఒకే రకం దుస్తులు. 2022 జనవరి 15న సైనిక దినోత్సవంనాడు ఢిల్లీ కంటోన్మెంట్ కవాతులో మన సైన్యం కొత్త పోరాట దుస్తులను చూపించింది. ఢిల్లీలోని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌తో కలిసి రూపొందించిన ఆ నమూనాలో ఆలివ్, మట్టి రంగులు చిన్నచిన్న చదరాలుగా కలిసిపోయి ఉంటాయి. ఎడారికీ అడవికీ కొండకూ అదొక్కటే సరిపోవాలన్నది ఉద్దేశం. లక్షలమంది సైన్యానికి అది తెలివైన నిర్ణయం. వందమంది ఉన్న కల్పిత సంస్థకు ఆ నిర్బంధం లేదు గనుక ప్రాంతానికొక రంగు పెట్టుకోవచ్చు. అయితే ప్రాంతమంటే దిక్కు అనుకోకూడదు.

ఆ నేలనుంచి: ఢిల్లీ పాత రెవెన్యూ లెక్కలు ఈ భూమిని దిక్కులతో విడదీయలేదు. యమున వరద పారే పల్లం ఖాదర్. వరద అందని పాత ఒండ్రు మెరక బాంగర్. నజఫ్‌గఢ్ వైపు నీరు నిలిచే లోతట్టు డాబర్. ఆరావళి రాళ్లు తేలిన నేల కోహీ. ఖాదర్‌ది బూడిదరంగు ఇసుకమన్ను, బాంగర్‌ది లేత గోధుమరంగు. డాబర్ మట్టి తడిస్తే ముదురుగా కనిపిస్తుంది. కోహీ రాయి మీద తుప్పులాంటి ఎరుపు పారుతుంది. నాలుగు శాఖలకు నాలుగు రంగులు రైతుల మాటల్లోంచే దొరికాయి! కల్పిత రాజ్యానికీ ఇలాంటి నేలపటం ముందు గీసుకుంటే రంగులు వాటంతట అవే వస్తాయి.

కాని నేల ఏడాదంతా ఒకే రంగులో ఉండదు. మే నెల దుమ్ముగాలి ఆంధీలో ఢిల్లీ ఆకాశం కూడా మట్టిరంగుకు తిరుగుతుంది. వానలు పడగానే ఆ ఎర్రటి కోహీ ఆకుపచ్చబడుతుంది. జనవరి పొగమంచులో అన్నీ ఒకే బూడిద. అందుకని శాఖకొక రంగు కంటే శాఖకొక రంగుల జత నయం: ఎండకొకటి, వానకొకటి.

మట్టిరంగు బట్ట కట్టిన నిజమైన వేగుల దళం ఒకటి ఉంది. 1846లో పెషావర్‌లో హ్యారీ లమ్స్‌డెన్ సమకూర్చిన గైడ్స్ దళం సైన్యానికి దారి చూపడానికీ, సమాచారం సేకరించడానికీ పుట్టింది. సరిహద్దు దుమ్ములో కలిసిపోయే ఖాకీని మొదట తొడిగిందీ ఆ దళమే. ఆ బట్ట తెప్పించే పని చూసినవాడు దళంలో రెండో అధికారి విలియం హాడ్సన్. 1857 తిరుగుబాటులో ఢిల్లీని ముట్టడించిన బ్రిటిష్ సైన్యంతో కలవడానికి గైడ్స్ జూన్‌లో నగరం పక్కనున్న రాతి గుట్ట, రిడ్జ్‌కు చేరారు. ఆ వేసవిలో మరికొన్ని బ్రిటిష్ పటాలాలు కూడా తమ తెల్ల దుస్తులకు మట్టిరంగు వేసుకున్నాయి. తెలుపు ఆ ఎండలో దూరానికి మెరుస్తుంది.

అక్కడి అద్దకంలో నిలవాలి: రచయితలు దాదాపుగా పట్టించుకోనిది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ మాట. రసాయన రంగులు లేని రాజ్యంలో ప్రతి రంగూ ఒక చెట్టు, ఒక ఖనిజం, ఒక నీటిగుణం. మొగలుల కాలంలో ఉత్తరాదిన పేరుమోసిన నీలిమందు ఆగ్రాకు చేరువలోని బయానాది. దానిమ్మ తొక్కల కషాయంలో అన్నభేది కలిపితే ఆకుపచ్చ ఛాయ ఉన్న మట్టిరంగు వస్తుంది. కరక్కాయ పట్టించిన బట్టకు ఇనుము తగిలితే నలుపు. మన శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు బెల్లంతో ఇనుమును పులియబెట్టి చేసుకునే నలుపూ ఈ సూత్రం మీదే నడుస్తుంది. రిడ్జ్ మీద పూసే మోదుగపూలు మంచి పసుపునిస్తాయి గాని ఆ పసుపు ఎండకు ఆగదు.

ఈ లోపాలే కథకు పెట్టుబడి. ఇనుము చేరిన నలుపు ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. నల్ల శాఖ పాతకాపుల దుస్తులు ముందుగా చిరుగుతాయి. పూల పసుపు మీద నీలిమందు వేస్తే ఆకుపచ్చ వస్తుంది. పసుపు ముందు వెలిసిపోతుంది, నీలం మిగులుతుంది. ఆకుపచ్చ శాఖలో ఇరవై ఏళ్లు చేసిన మనిషి చివరికి నీలి శాఖవాడిలా కనిపిస్తాడు. ఇంత మంచి మలుపును ఏ రచయితైనా ఎందుకు వదులుకోవాలి?

అద్దకంతోపాటు అద్దకందారుణ్నీ తలచుకోవాలి. రంగు వేసినవాడికి, కుట్టినవాడికి సంస్థ సంఖ్యాబలం తెలిసిపోతుంది. సైన్యం తన కొత్త నమూనాను డిజైన్‌గా రిజిస్టర్ చేయించుకున్నది బజారులో నకళ్లు అమ్మకుండా ఆపడానికే. కల్పిత రాజ్యంలో రిజిస్ట్రీ ఉండదు గనుక అద్దకందారు కుటుంబాన్ని సంస్థ తన గోడల లోపలే ఉంచుకోవాలి. ఆ కుటుంబంలో ఒక పిల్లకు బయటి ఊరి సంబంధం కుదిరితే ఏమవుతుందన్నది వేరే నవల.

బయటివారి కంటికి ఆనకూడదు: మళ్లీ హాడ్సన్ దగ్గరికి రావాలి. ఢిల్లీ ముట్టడిలో ఇతనే బ్రిటిష్ గూఢచార విభాగానికి అధిపతి. మౌల్వీ రజబ్ అలీ అతనికి కుడిభుజం. నగరంలోపలి వేగులు పంపే ఉత్తరాలు గోడలు దాటి రిడ్జ్‌కు చేరేవి. గైడ్స్‌కు ఖాకీ తెప్పించిన మనిషి వేగులకు ఆ ఖాకీ ఇవ్వలేదు. వాళ్లు గోడల లోపలి ఢిల్లీ నగరం షాజహానాబాద్ వీధుల్లో ఆ వీధులవాళ్ల బట్టల్లోనే తిరిగారు. మైదానంలో కనబడనిది మట్టిరంగు, ఊళ్లో కనబడనిది ఊరివాళ్ల బట్ట. ప్రాంతీయ రంగు అడవికి, కొండకు, రాత్రికి. నగర శాఖకు రంగే పెట్టకండి. హాడ్సన్ చేతుల మీద నెత్తురుంది, సెప్టెంబరులో బహదూర్ షా జఫర్ కొడుకులను కాల్చి చంపింది అతనే. అతని పద్ధతిని నేర్చుకునే రచయిత ఈ సంగతిని కూడా మోయాలి. వేగు రాజ్యానికి ఎంత ఉపయోగమో, ఓడినవారికి అంత గాయం.

లోపలివారికి తెలియాలి: గుర్తును బట్ట మీద కాక బట్ట లోపల పెట్టాలి: అస్తరు, అంచు వెనక కుట్టు, తలపాగా లోపలి మడత. కంటి స్వభావాన్ని కూడా వాడుకోవచ్చు. వెలుగు తగ్గేకొద్దీ ఎరుపు ముందుగా నల్లబడుతుంది, నీలం, ఆకుపచ్చ ఇంకాసేపు కనిపిస్తాయి. 19వ శతాబ్దపు చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గమనించి చెప్పిన సంగతి ఇది. గోధుమరంగు అంగీ మీద సన్నని ఎర్రదారం పగలు దగ్గరగా నిలబడిన తోటివాడికి కనిపిస్తుంది, సందెవేళ ఎవరికీ కనిపించదు.

బదిలీకి లొంగాలి: ఖాదర్ వేగును కోహీకి పంపితే బూడిదరంగు బట్టను ఎర్రమట్టి రంగులో ముంచవచ్చు. లేతదాన్ని ముదురు చేయడం ఎప్పుడూ సులువే. డాబర్‌నుంచి బాంగర్‌కు వచ్చేవాడి ముదురు బట్టను లేతగా చేయలేం, కొత్త జత ఇవ్వాలి. ఎండ తగలని, మోచేతుల దగ్గర వెలవని కొత్త బట్ట కట్టుకున్న మనిషి ఆ శాఖలో నిన్న దిగినవాడని శత్రువు ఇట్టే పసిగడతాడు. అందుచేత బాంగర్ శాఖ గిడ్డంగిలో చనిపోయినవారి పాత దుస్తులను ఉతికి, మడిచి, కొలతలవారీగా దాచి ఉంచాలి. వచ్చేవాడికి సరిపడే జత ఉందో లేదో చూశాకే బదిలీ ఉత్తర్వు రాయాలి.