ఇంటి వైద్యునికి తోడు

నేను కాపురముండు సియాటిల్ నగరమునకు దక్షిణమున, పూర్వము సైనిక శిబిరముగా నుండిన స్టిలకుమ్ కోట స్థలమునందు, ఒక మానసిక చికిత్సాలయము కలదు. వాషింగ్టన్ ఇంకను రాష్ట్రప్రతిపత్తి పొందక పూర్వమే, 1871వ సంవత్సరమున, వెలసిన ఆ సంస్థ నేటికిని పనిచేయుచున్నది. ఎర్రగడ్డ, పెదవాల్తేరు అను పేర్లు చెవిని బడినంతనే మన యింటి పెద్దలు గొంతు తగ్గించుట ఎరిగిన మనకు, ఇచ్చటివారు కూడ చిరకాలము అట్లే గొంతు తగ్గించిరని తెలియుట అవసరము; ఏలయన, ఈ దేశమున ఇటీవల విస్తరించుచున్న సమీకృత వైద్యమను పద్ధతి ఆ మౌనము నుండియే, ఆ మౌనమును తొలగింపబూని చేసిన ఒక గొప్ప పొరపాటు నుండియే పుట్టినది.

1955వ సంవత్సరమున అమెరికా దేశపు ప్రభుత్వ మానసిక చికిత్సాలయములలో సుమారు 5,58,000 మంది రోగులుండిరి. అంతకు ముందటి యేడే క్లోర్‌ప్రోమజీన్ అను ఔషధము ఇచ్చట వాడుకలోనికి వచ్చి, గొలుసులకును గోడలకును తప్ప లొంగదనుకొనిన ఉన్మాదము మందునకు లొంగుననెడి ఆశను కలిగించెను. తన సోదరి రోజ్‌మేరీ 1941లో మెదడుపై జరిగిన శస్త్రచికిత్స వలన జీవితాంతము పరాధీనయైపోయిన దుఃఖమును కుటుంబమున అనుభవించిన కెన్నెడీ అధ్యక్షుడు, తన హత్యకు మూడు వారములకు ముందు, 1963 అక్టోబరు 31వ తేదీన, ఒక చట్టముపై సంతకము చేసెను. దూరపు ఆసుపత్రులను క్రమముగా ఖాళీచేసి, ప్రజలు నివసించుచోటనే చికిత్సాకేంద్రములను నెలకొల్పుట దాని సంకల్పము. ఖాళీచేయుట జరిగినది; నెలకొల్పుట సగములోనే నిలిచిపోయినది. 1965లో పేదలకై ఏర్పడిన మెడికెయిడ్ పథకము 21 మొదలు 64 ఏండ్ల వయస్సు గలవారికి మానసిక చికిత్సాలయములలో అగు వ్యయమును భరింపననుటచే, రోగిని బయటికి పంపుటయే రాష్ట్రముల ఖజానాలకు లాభకరమయ్యెను.

ఇట్లు వెలికి వచ్చినవారిలో తీవ్రవ్యాధిపీడితులనేకులు వీథులపాలైరి, చెరసాలలపాలైరి. ఆ కథ ఈ నగరపు వంతెనల క్రింద నేటికిని కనబడుచున్నది, చెప్పుటకు నోరాడదు. ఇక ఏ ఆసుపత్రి గడపయు ఎన్నడును త్రొక్కక, లోలోపల కుమిలిపోవు సామాన్యులు ఎవరిని ఆశ్రయించిరి? డారెల్ రీజియర్ ప్రభృతి పరిశోధకులు 1978లో ప్రకటించిన వ్యాసము దీనికి సమాధానమిచ్చెను: మానసిక వ్యాధిగ్రస్తులలో సగమునకు పైగా సాధారణ వైద్యుని, అనగా ఇంటి వైద్యుని, యొద్దకు మాత్రమే పోవుచుండిరి. నడుమునొప్పి యనియు, నిద్రలేమి యనియు, కడుపులో మంట యనియు చెప్పుకొనుచు వచ్చు ఆ రోగుల మనస్సు లోతు తెలిసికొనుటకు ఆ వైద్యునికి తీరికయు లేదు, శిక్షణయు చాలదు. మనోవైద్యునికి చీటి వ్రాసి పంపినచో, నెలలకొలది వేచియుండవలసి వచ్చుటచేతనో, నలుగురు ఏమనుకొందురోయను సంకోచముచేతనో, పెక్కుమంది అచటికి పోనేపోరు.

ఈ చిక్కును విప్పబూనినవారిలో ముఖ్యుడు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున మనోవైద్యాచార్యుడుగా నుండిన వేయిన్ కేటన్. సియాటిల్‌లో 1947 నుండి వైద్యమందించుచు వచ్చిన గ్రూప్ హెల్త్ అను సహకార సంస్థలో ప్రయోగము చేసి, ఆయన 1995లో ఫలితములను ప్రకటించెను. రోగిని మనోవైద్యుని యొద్దకు పంపుటకు మారుగా, మనోవైద్యుని విద్యను ఇంటి వైద్యుని యొద్దకు చేర్చుట ఆయన మార్గము; మొదట చెప్పిన సమీకృత వైద్యమిదియే. ఆ మార్గము పరిణతి చెందిన రూపమున, మందుచీటి వ్రాయువాడు ఎప్పటివలె ఇంటి వైద్యుడే. ఆయనకు తోడుగా ఆ చికిత్సాలయముననే ఒక నర్సుగాని సామాజిక కార్యకర్తగాని సమన్వయకర్తగా నుండును. ఆమె, నిద్ర పట్టుచున్నదా, ఆకలియగుచున్నదా, బ్రతుకు వ్యర్థమనిపించుచున్నదా అని తొమ్మిది ప్రశ్నలడిగి, సమాధానములకు అంకెలు వేసి పట్టికలో నెక్కించి, కొద్ది దినములకొకమారు ఫోను చేసి మరల అడుగును. వారమున కొకమారు మనోవైద్యుడు ఆమెతో కలిసి ఆ పట్టికను పరిశీలించి, గుణము కనబడనివారిని ముందుగా ఎంచి, మందు మార్పవలెనో మోతాదు పెంచవలెనో ఇంటి వైద్యునికి సలహా చెప్పును. ఆ రోగులలో పెక్కుమందిని ఆయన ముఖతః చూచియుండడు. ఈ పద్ధతిలో నాకు మిక్కిలి నచ్చినది ఆ పట్టికయే. వైద్యము సాధారణముగా వచ్చినవానికే జరుగును, వచ్చుట మానినవాడేమయ్యెనో అడుగువారుండరు. ఇచ్చట మానినవాని పేరే మొదట కంటబడును.

కేటన్ సహచరుడైన యుర్గెన్ ఉనుట్జర్ నాయకత్వమున, అయిదు రాష్ట్రములలోని 18 చికిత్సాలయములలో, 60 ఏండ్లును అంతకు పైబడిన వయస్సును కలిగి, మనోవ్యాకులతతో బాధపడు 1,801 మందితో జరిగిన అధ్యయనము 2002లో వెలువడెను. ఏడాది గడచునప్పటికి వ్యాధిలక్షణములు సగమైనను తగ్గినవారు ఈ పద్ధతిలో నూటికి 45 మంది, మామూలు వైద్యములో 19 మంది. ఇంత స్పష్టమైన ఫలితము కన్నులయెదుట నుండగా దేశమంతటను వెంటనే వ్యాపింపవలసినది, వ్యాపింపలేదు. ఇచ్చట వైద్యునికి రోగిని చూచినందులకే రుసుము ముట్టును గాని, చూడని రోగిని గూర్చి మరియొక వైద్యునితో మాటలాడినందులకును, నర్సు ఫోను చేసినందులకును చెల్లించువారు లేకపోయిరి. వృద్ధుల బీమాపథకమైన మెడికేర్ ఈ పనికి ప్రత్యేకముగా వెలకట్టి చెల్లించుట 2017లోనే ఆరంభమయ్యెను. ఆ నడిమి పదునైదేండ్లలో ఉపశమనము నోచుకొనక గడచిపోయిన ముసలివారిని తలచుకొనినప్పుడు నాకు కలుగు బాధ ఇంతింత కాదు.

పిల్లల విషయమున మాసచూసెట్స్ రాష్ట్రము మరింత ముందడుగు వేసెను. శిశువైద్యుడు ఫోను చేసినచో బాలమనోవైద్యుడు ఆ దినముననే సలహా చెప్పునట్టి ఏర్పాటును 2004లో రాష్ట్రమంతటికిని కల్పించెను. మా వాషింగ్టన్‌లో అట్టిది 2008లో మొదలయ్యెను. 2018 నుండి కేంద్రప్రభుత్వము ఇతర రాష్ట్రములకును ధనసహాయము చేయుచున్నది. అయినను మారుమూల పల్లెలలోని చిన్న చికిత్సాలయములకు సమన్వయకర్తను నియమించుకొను స్తోమత నేటికిని అరుదు.

ఈ పద్ధతి మన గడ్డకును వచ్చినదని చెప్పుటకు సంతోషించుచున్నాను. మధుమేహముతోపాటు మనోవ్యాకులతయు గల 404 మందిపై, విశాఖపట్టణముతో కలిపి భారతదేశపు నాలుగు నగరముల చికిత్సాలయములలో జరిగిన అధ్యయనము 2020లో వెలువడెను. సమన్వయకర్త తోడు గలవారికి మనస్సును శరీరమును రెండును మెరుగుపడుట మామూలు వైద్యమున కంటె ఎక్కువగా కనబడినది. అవిభక్తాంధ్రప్రదేశమున 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ అను ప్రభుత్వ పథకము శస్త్రచికిత్సకును ఆసుపత్రి శయ్యకును వెలకట్టి చెల్లింప నేర్చినది. కాని విశాఖలో పట్టికను చేతబట్టుకొని, ఈ నెల ఎందుకు రాలేదమ్మా అని రోగికి ఫోను చేయు సమన్వయకర్తకు, పరిశోధనాధనము ముగిసిన పిదప జీతమెవరిత్తురు? ఇచ్చట పదునైదేండ్లు ఎవరును పట్టించుకొనని ఈ ప్రశ్నను మీరు అమరావతిలోను హైదరాబాదులోను ఇప్పుడే అడుగవలెనని నా కోరిక.