స్పైడర్‌మ్యాన్ ఎవరి సొత్తు?

1985లో మెనాహెమ్ గోలన్, యోరం గ్లోబస్ అనే ఇద్దరు ఇజ్రాయెల్ నిర్మాతలు మార్వెల్ కామిక్స్ నుంచి స్పైడర్‌మ్యాన్ సినిమా హక్కులు కొన్నారు. ధర 2,25,000 డాలర్లు, పైగా వచ్చే రాబడిలో కొంత వాటా. 1990 ఏప్రిల్ లోపు సినిమా తీయకపోతే హక్కులు తిరిగి మార్వెల్‌కే పోతాయని గడువు పెట్టుకున్నారు. సినిమా మాత్రం 2002 మే 3న గానీ థియేటర్లకు రాలేదు. ఈ పదిహేడేళ్లూ ఆ సాలీడు ఎక్కువగా తిరిగింది లాయర్ల ఆఫీసుల్లోనే.

విజయవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులకు అగ్రిమెంట్లు రాసిపెడుతూ నేను నా ఉద్యోగజీవితమంతా గడిపాను. అందుకే హాలీవుడ్ స్టూడియోల ఈ తగువు గురించి చదివినప్పుడల్లా నా చూపు కోట్ల లెక్క మీద కాక క్లాజుల మీదికి పోతుంది.

గోలన్, గ్లోబస్ వరసకు దాయాదులు. వాళ్ల కంపెనీ కేనన్ ఫిలింస్, చార్లెస్ బ్రాన్సన్, చక్ నోరిస్‌లతో తక్కువ ఖర్చులో ఫైటింగ్ సినిమాలు తీసేది. స్పైడర్‌మ్యాన్ అంటే తోడేలు మనిషి లాంటి భూతం కథ అనుకున్నారు. వాళ్లు రాయించిన మొదటి స్క్రిప్టులో కుర్రాడు ఎనిమిది చేతుల రాకాసి సాలీడుగా మారిపోతాడు. ఆ పాత్రను సృష్టించిన ఇద్దరిలో ఒకడైన స్టాన్ లీ దానికి ఒప్పుకోలేదు. వేరే రచయితలు వచ్చారు, దర్శకులు మారారు. ఈలోగా 1987లో సూపర్‌మ్యాన్ నాలుగో భాగం, మాస్టర్స్ ఆఫ్ ది యూనివర్స్ రెండూ దెబ్బతిన్నాయి. కేనన్ కుదేలైంది. 1989లో గోలన్ విడిపోయి, ట్వెంటీ ఫస్ట్ సెంచురీ అనే వేరే కంపెనీకి స్పైడర్‌మ్యాన్ హక్కులను వెంట తీసుకెళ్లాడు.

అక్కడి నుంచి చిక్కుముడి మొదలైంది. సినిమా తీయడానికి డబ్బు కావాలి. టీవీ హక్కులు వయాకామ్‌కు, హోమ్ వీడియో హక్కులు కొలంబియాకు ముందే అమ్మేశాడు. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. మా దగ్గరా నైజాం, సీడెడ్, ఆంధ్రా బయ్యర్ల దగ్గర అడ్వాన్సులు తీసుకున్నాకే చాలా సినిమాలకు షూటింగ్ మొదలయ్యేది. కానీ మా బయ్యరుకు తన ఏరియా హద్దు ఎక్కడుందో తెలుసు, సినిమా ఎవరు తీస్తున్నారో తెలుసు. గోలన్ మాత్రం సినిమాను ముక్కలు చేసి అమ్మాక, 1990లో దాన్ని తీసే హక్కును కూడా కరోల్కో అనే మరో కంపెనీకి 50 లక్షల డాలర్లకు ఇచ్చేశాడు. టీవీ, వీడియో రాబడి లేని సినిమాకు కరోల్కో పెట్టుబడి పెట్టాలి. ఆ మాట లెక్క కట్టినవాళ్లకు మొదటిరోజే అర్థమై ఉండాలి.

అయినా గొడవ రాజుకున్నది డబ్బు దగ్గర కాదు, పేరు దగ్గర. తెర మీద నిర్మాతగా తన పేరు పడాలని గోలన్ కరోల్కోతో రాయించుకున్నాడు. కరోల్కో దర్శకుడిగా జేమ్స్ కామెరాన్‌ను తెచ్చింది. ఆయన అప్పటికే అదే కంపెనీకి టెర్మినేటర్ రెండో భాగం చేసి ఉన్నాడు. ఆ పాత అగ్రిమెంటునే నమూనాగా పెట్టుకుని కొత్తది రాశారు. సినిమాలోనూ ప్రకటనల్లోనూ ఎవరి పేరు పడాలో నిర్ణయించే హక్కు కామెరాన్‌దే అన్న క్లాజు అందులో ఉంది, అదీ యథాతథంగా వచ్చేసింది. అంటే ఒకే కంపెనీ ఒకే టైటిల్ కార్డును ఇద్దరికి రాసిచ్చింది. 'సమర్పించు' అన్న ఒక్క కార్డు కోసం ప్రాణస్నేహితులు మాటలు మానుకోవడం నేను చూశాను. కాబట్టి 1993లో గోలన్ కోర్టుకు వెళ్లాడంటే నాకు ఆశ్చర్యం లేదు. నా కోపమంతా ఆ పాత కాగితాన్ని చదవకుండా దించినవాళ్ల మీద.

తర్వాత అందరూ అందరి మీదా పడ్డారు. కరోల్కో తన ముక్కలు తనకు కావాలని వయాకామ్, కొలంబియాల మీద దావా వేసింది, వాళ్లు ఎదురు దావాలు వేశారు. గోలన్ కంపెనీ ఆస్తుల మీదుగా హక్కు తమకే సంక్రమించిందని ఎం.జి.ఎం. దిగింది. 1996 ముగిసేసరికి కరోల్కో, ట్వెంటీ ఫస్ట్ సెంచురీ, ఆఖరికి మార్వెల్ కూడా దివాలా తీశాయి. మొదటి అగ్రిమెంటు గడువు తీరిపోయిందని, హక్కులు మార్వెల్‌వేనని కోర్టు తేల్చేనాటికి 1998 వచ్చింది. మార్వెల్ వాటిని కొలంబియా యజమాని సోనీకి ఇచ్చింది. ఎం.జి.ఎం. అప్పటికీ పట్టు వదల్లేదు.

పరిష్కారం జేమ్స్ బాండ్ వైపు నుంచి వచ్చింది. థండర్‌బాల్ అనే బాండ్ కథ మీద కెవిన్ మెక్‌క్లోరీ అనే నిర్మాతకు పాత కోర్టు రాజీ వల్ల హక్కులున్నాయి. ఒకప్పుడు ఎం.జి.ఎం.లో పెద్ద పదవిలో పనిచేసిన జాన్ కేలీ సోనీకి మారాక, ఆ హక్కుల బలంతో సోనీ సొంతంగా బాండ్ సినిమాలు తీస్తుందని 1997లో ప్రకటన వచ్చింది. ఎం.జి.ఎం. దావా వేసింది. 1999 మార్చిలో రెండు కంపెనీలూ రాజీపడ్డాయి. సోనీ బాండ్ మీద ఆశ వదులుకుంది, ఎం.జి.ఎం. స్పైడర్‌మ్యాన్ మీద. ఒకరికి కావలసిన కాగితం ఇంకొకరి దగ్గర ఉంటే రాజీ ఇంత తేలిక.

అంతకుముందు మార్వెల్, సోనీల మధ్య జరిగిన బేరంలోనే, తన దగ్గర మిగిలిన దాదాపు అన్ని పాత్రలనూ రెండున్నర కోట్ల డాలర్లకు ఇస్తానని మార్వెల్ అడిగిందనీ, సోనీ స్పైడర్‌మ్యాన్ ఒక్కడు చాలందనీ నాటి సోనీ అధికారి తర్వాత బయటపెట్టాడు. ఐరన్‌మ్యాన్, థోర్ అలా మిగిలిపోయారు. 2002లో స్పైడర్‌మ్యాన్ మొదటి మూడు రోజుల్లోనే అమెరికాలో 11 కోట్ల డాలర్లు దాటించాడు. సోనీ మార్వెల్‌తో రాసుకున్న అగ్రిమెంటులోనూ గడువు ఉంది. ముందు సినిమా విడుదలైన 5 సంవత్సరాల 9 నెలల్లోపు తర్వాతిది రాకపోతే హక్కులు పోతాయి. 2012లో కథను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవడం వెనక ఈ క్లాజు కూడా ఉందని నేను నమ్ముతాను.

ఇన్ని దావాల్లో ఎక్కడా వినపడని పేరు స్టీవ్ డిట్కో. 1962లో ఆ ముసుగు, సాలెగూడు గీతలున్న ఆ దుస్తులు, గోడలు పాకే ఆ భంగిమ ఊహించి గీసినవాడు ఆయన. పేజీకింత అని మార్వెల్ ఇచ్చేది. 1966లో ఆ కంపెనీ వదిలేశాడు, కొన్నాళ్లకు ఇంటర్వ్యూలు ఇవ్వడం కూడా మానేశాడు. స్టాన్ లీకైనా మార్వెల్‌తో లాభాల్లో వాటా రాసిన అగ్రిమెంటు ఉంది. దాన్ని పట్టుకుని 2002లో దావా వేసి, 2005లో కోటి డాలర్లకు రాజీపడ్డాడు. డిట్కో చేతిలో అలాంటి కాగితం లేదు. 2018లో న్యూయార్క్‌లో ఒంటరిగా చనిపోయాడు. నా దగ్గరికి రీమేక్ అగ్రిమెంటు వస్తే, కథ రాసినవాడి సమ్మతి పత్రం జతచేయనిదే నేను టైపుకు ఇచ్చేవాణ్ణి కాదు. గుమాస్తాలు విసుక్కునేవారు, నేను వినేవాణ్ణి కాదు.

2021లో డిట్కో వారసులు అమెరికా కాపీరైట్ చట్టం కింద హక్కులు తమకు తిరిగి రావాలని నోటీసు ఇచ్చారు. కూలికి గీయించుకున్న బొమ్మ కాబట్టి అది తమదేనని మార్వెల్ దావా వేసింది. 2023 డిసెంబరులో రాజీ కుదిరి ఆ కేసు ముగిసింది. బొమ్మ గీసిన చేతికి ఆ బొమ్మ మీద ఎంత హక్కుందో ఈ ఒక్క కేసులోనైనా జడ్జి తీర్పు రాసి ఉండాల్సిందని నాకు ఇప్పటికీ బలంగా అనిపిస్తుంది.