బ్రౌన్: చామనఛాయ నుంచి పుట్టిన ఇంటిపేరు

వేమన పద్యాలను 1829లో అచ్చువేయించి, 1850ల తొలినాళ్లలో తెలుగు నిఘంటువులను వెలువరించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వల్ల తెలుగువారికి ‘బ్రౌన్’ అనేది ఒకే ఒక మనిషి పేరుగా స్థిరపడిపోయింది గానీ, ఆంగ్లం మాట్లాడే దేశాల్లో ఆ ఇంటిపేరు గలవారు లక్షల్లో ఉన్నారు. స్కాట్లాండులో స్మిత్ తరువాత అత్యధికంగా కనిపించే ఇంటిపేరు ఇదే. అమెరికాలో 2010 జనగణన ప్రకారం స్మిత్, జాన్సన్, విలియమ్స్ తరువాత నాలుగో స్థానం దీనిదే కాగా, అక్కడ ఆ పేరు గలవారు 14,37,026 మంది. ఇంతమందికీ మూలపురుషుడు ఒకడే అయి ఉంటాడని అనుకోవడం పొరపాటు. ఒక సాధారణమైన రంగుమాట వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు కాలాల్లో, ఒకరికొకరు ఏమీ కాని వందలాది మనుషులకు అంటుకొని, వారి సంతానానికి వారసత్వంగా దిగిన ఫలితమే ఈ సంఖ్య.

ప్రాచీన ఆంగ్లంలో ఈ మాట రూపం ‘బ్రూన్’. నేడు గోధుమవన్నె అని స్థూలంగా చెప్పుకునే రంగుకు మాత్రమే అది పరిమితం కాలేదు. మసక, ముదురు, నల్లదనానికి దగ్గరగా ఉన్నది అనే అర్థాలతో పాటు, మెరుగుపెట్టిన లోహపు తళుకును కూడా ఆనాటి కవులు ఈ మాటతోనే చెప్పేవారు. ‘బేవుల్ఫ్’ అనే ప్రాచీన వీరకావ్యంలో కత్తి అంచును వర్ణించేటప్పుడు వచ్చే విశేషణంలో ఉన్నది ఈ మాటే. ఇదే జెర్మానిక్ పదం ఫ్రెంచిలోకి పోయి, లోహాన్ని రుద్ది నిగనిగలాడించడం అనే అర్థంలో ఒక క్రియగా మారి, ఆంగ్లానికి ‘బర్నిష్’ రూపంలో తిరిగి వచ్చింది.

ఇండో-యూరోపియన్ భాషల తులనాత్మక అధ్యయనం చేసేవారు ఈ మాటకు చూపే ధాతువు తెలుగు పాఠకులకు పూర్తిగా కొత్తది కాదు, ఎందుకంటే సంస్కృతంలో పింగళవర్ణానికీ, ఆ వన్నె గల ముంగిసకూ వాడే ‘బభ్రు’ శబ్దం ఆ ధాతువు నుంచే పుట్టింది. నీటి ఒడ్డున కొయ్య కొరికి ఆనకట్టలు కట్టే బీవర్ అనే జంతువుకు ఆంగ్లంలో ఆ పేరు రావడానికి కారణం కూడా దాని ఒంటి రంగే. అర్జునుడికీ చిత్రాంగదకూ పుట్టి, తెలుగు నాటకాలలోనూ సినిమాలలోనూ తండ్రినే యుద్ధంలో పడగొట్టిన వీరుడిగా నిలిచిన బభ్రువాహనుడి పేరులో తొలి సగమూ, కడప కలెక్టరు కచేరీలో పనిచేసిన బ్రౌన్ దొర ఇంటిపేరూ జ్ఞాతిపదాలన్నమాట. జ్ఞాతిపదాలంటే ఒకటి మరొకదాని నుంచి పుట్టినవి కావు, రెండూ ఒకే మూలం నుంచి వేర్వేరు శాఖల్లో పెరిగినవి.

రంగుమాట ఇంటిపేరుగా మారడానికి కారణం పేర్ల కరవు. 1066లో నార్మన్లు ఇంగ్లాండును జయించిన తరువాత పాత ఆంగ్ల నామాలు క్రమంగా మరుగున పడి, విలియం, జాన్, రాబర్ట్, రిచర్డ్, థామస్ వంటి కొద్దిపాటి పేర్లే ఊరూరా మళ్లీమళ్లీ వినిపించసాగాయి. ఊళ్లో ఇద్దరు రాములుంటే ఒకడిని నల్ల రాముడనీ మరొకడిని పొట్టి రాముడనీ పిలవడం తెలుగు పల్లెల్లో ఎలా జరుగుతుందో అక్కడా అలాగే జరిగింది. జుట్టు రంగును బట్టో మేని ఛాయను బట్టో ఒక విలియం ‘బ్రూన్ విలియం’ అయ్యాడు. నల్ల రాముడి కొడుకు ఎర్రగా పుడితే అతణ్ని మళ్లీ నల్ల అని పిలవరు. ఇంగ్లాండులో మాత్రం 12 నుంచి 14వ శతాబ్దాల మధ్య భూమి హక్కులు, కోర్టు వ్యవహారాలు, పన్ను పట్టికలు రాతలోకి ఎక్కడంతో, తండ్రికి పెట్టిన మారుపేరు కొడుక్కి పొసగినా పొసగకపోయినా అతని పేరు వెనుక చేరిపోయింది. 1400 నాటికి ఆంగ్ల కుటుంబాలలో అత్యధికం వారసత్వపు పేర్లతోనే ఉన్నాయి. ఆనాటి నుంచి బ్రౌన్ అనే పేరు దానిని ధరించిన మనిషి రంగు గురించి ఏమీ చెప్పదు.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. ఇంగ్లాండులో గోధుమవన్నె జుట్టు గలవారే ఎక్కువ కాబట్టి, ఊళ్లో చాలామందికి ఉన్న లక్షణం ఒక్కణ్ని గుర్తుపట్టే ఆనవాలు ఎలా అయిందన్న సందేహం రాక మానదు. దీనికి మొదటి సమాధానం, పైన చెప్పినట్టు, ఆనాటి ‘బ్రూన్’కు ఇప్పటికంటే ముదురు అర్థం ఉండటం, అంటే ఇరుగుపొరుగు కన్నా నల్లగా ఉన్నవాడు అని సూచించడం. తెలుగులో చామనఛాయ అనే మాట కూడా పోల్చి చూసినప్పుడే అర్థమయ్యేది కాబట్టి దానికి ఇది దగ్గరగా ఉంటుంది. అంతకంటే బలమైన రెండో సమాధానం, ఈ ఇంటిపేర్లన్నీ రంగు నుంచి నేరుగా వచ్చినవి కాకపోవడం. ‘బ్రూన్’ అనేది మారుపేరే కాక, నామకరణం నాడు పెట్టే అసలు పేరుగా కూడా చలామణీలో ఉండేది. 1086లో నార్మన్ రాజు విలియం చేయించిన భూముల లెక్క ‘డోమ్స్‌డే బుక్’లో ఆ పేరు గలవారు కనిపిస్తారు. స్కాండినేవియా నుంచి వచ్చి ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడినవారిలోనూ దీనికి సోదర రూపమైన పేరు ఉండేది. నార్మన్లు తెచ్చిన ఫ్రెంచి ‘ల బ్రున్’ కూడా ఆ ప్రవాహంలోనే కలిసింది. ఇన్ని ఊటలు కలిసిన పేరు కాబట్టే తెలుపు, నలుపు, బూడిదవన్నెల నుంచి వచ్చిన వైట్, బ్లాక్, గ్రే అనే ఇంటిపేర్లను ఇది సంఖ్యలో దాటిపోయింది. గ్రీన్ అనేది చాలా సందర్భాల్లో రంగుపేరు కాదు, ఊరి నడుమ ఉండే పచ్చిక బయలు పక్కన నివసించినవాడు అని దాని అర్థం.

ఉచ్చారణ కథ కూడా ఆసక్తికరమే. ‘ఊ’కార శబ్దాన్ని రెండక్షరాలతో రాయడం ఫ్రెంచి లేఖకుల అలవాటు కావడం వల్ల లిపిలో మార్పు ముందు వచ్చింది. ఆ తరువాత, 15వ శతాబ్దం మొదలు ఆంగ్లంలోని దీర్ఘాచ్చులన్నీ ఒక వరుసలో స్థానం మార్చుకున్నప్పుడు, అంటే భాషావేత్తలు ‘మహా అచ్చుల మార్పు’గా పేర్కొనే పరిణామంలో, ‘బ్రూన్’ కాస్తా ‘బ్రౌన్’ అయింది. ఈ అచ్చు విషయంలో స్కాట్లాండు ఆ మార్పును అంగీకరించలేదు. అక్కడి పలుకుబడిలో ఇప్పటికీ ఆ రంగు ‘బ్రూన్’, డండీ నగరపు ‘సండే పోస్ట్’ పత్రికలో 1936 నుంచి వస్తున్న బొమ్మల కథలోని కుటుంబం పేరు ‘ది బ్రూన్స్’. పాత స్కాటిష్ వర్ణక్రమాన్ని వదులుకోని కుటుంబాల్లో ఈస్ట్ లోథియన్‌లోని కోల్‌స్టన్ వంశం ఒకటి. ఆ వంశపు ఆడపడుచు క్రిస్టియన్ బ్రూన్ కుమారుడే రాజ్యసంక్రమణ సిద్ధాంతంతో సంస్థానాలను కలిపేసుకున్నాడని పాఠ్యపుస్తకాలు చెప్పే గవర్నర్ జనరల్ డల్హౌసీ. ఆయన పూర్తి ఇంటిపేరు బ్రూన్-రామ్సే అని ఆ పుస్తకాలు చెప్పవు.

స్కాట్లాండులో ఈ పేరు విస్తరించడానికి రంగుతో సంబంధం లేని కారణం మరొకటి ఉంది. పర్వత ప్రాంతాల గేలిక్ భాషలో న్యాయాధికారి కొడుకు అనే అర్థం గల ఇంటిపేరును ఆంగ్లంలో రాయవలసి వచ్చినప్పుడు, వినడానికి దగ్గరగా ఉందన్న ఒక్క కారణంతో బ్రౌన్ అని రాసేశారు. అటువంటి కుటుంబాల్లో మూలపురుషుడి ఛాయ ఏదైనా కావచ్చు, పేరు మాత్రం తీర్పు చెప్పే పదవి నుంచి వచ్చింది. ఐర్లండులో గాల్వే నగరాన్ని ఏలిన 14 వర్తక వంశాల్లో బ్రౌన్‌లు ఒకరు కాగా, అమెరికాకు వలసపోయిన జర్మన్లలో ‘బ్రౌన్’ అనే తమ పేరును ఆంగ్లుల వర్ణక్రమంలోకి మార్చుకున్నవారూ ఎందరో. ఆ రెండు భాషల్లోనూ ఉచ్చారణ దాదాపు ఒకటే కావడం వల్ల ఒకటి రెండు అక్షరాలు మారిస్తే పని సరిపోయేది.

ఇంగ్లాండు, వేల్స్ దేశాలలో 1853 ప్రాంతంలో రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం వేసిన అంచనాలో స్మిత్, జోన్స్, విలియమ్స్, టేలర్, డేవిస్‌ల తరువాత లక్షకు పైబడిన సంఖ్యతో బ్రౌన్ ఆరో స్థానంలో నిలిచింది. దాని ముందున్న అయిదింటిలో జోన్స్, విలియమ్స్, డేవిస్ అనే మూడూ వేల్స్ ప్రజల వల్ల బలపడిన పేర్లు. తండ్రి పేరునే ఇంటిపేరు చేసుకునే ఆచారం గల వేల్స్‌లో రంగుపేర్లు పలచగానే ఉంటాయి కాబట్టి, ఇంగ్లాండును మాత్రమే లెక్కిస్తే బ్రౌన్ ఇంకా పైకి వస్తుంది. ఇంత వ్యాప్తిలో ఉన్న పేరుతో వంశవృక్షం గీయడం దాదాపు అసాధ్యం. ఇంటిపేరూ, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే అందే వై క్రోమోజోమూ ఒకే దారిలో నడుస్తాయన్న తర్కంతో లెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 40 బ్రిటిష్ ఇంటిపేర్లను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. అరుదైన ఇంటిపేర్లు గలవారిలో ఎక్కువమందికి ఉమ్మడి పూర్వికుడు కనిపించగా, స్మిత్ వంటి విస్తారమైన పేరు గలవారి మధ్య పోలిక దారినపోయే ఇద్దరి మధ్య ఉన్నంతే తేలింది. పుట్టుక తీరును బట్టి చూస్తే బ్రౌన్ ఈ రెండో కోవకే చెందుతుంది.

అమెరికా లెక్కల్లో ఈ పేరు సంఖ్య పెరుగుతున్నా వాటా తగ్గుతోంది. 2000లో 13,80,145గా ఉన్న బ్రౌన్‌లు పదేళ్లలో 57 వేలకు దగ్గరగా పెరిగినా, లక్ష జనాభాకు 511 నుంచి 487కు దిగారు. స్పానిష్, ఆసియా ఇంటిపేర్లు గల వలసదారులు పెరగడమే ఇందుకు ప్రధాన కారణం. అంతకంటే ఆలోచించవలసిన అంకె మరొకటి ఉంది. దేశ జనాభాలో ఆఫ్రికన్ అమెరికన్ల వాటా సుమారు 13 శాతం ఉండగా, బ్రౌన్‌లలో వారి వాటా 35 శాతాన్ని దాటింది.

ఈ అంకె వెనుక బానిసత్వపు చరిత్ర ఉంది. 1850, 1860 జనగణనల్లో బానిసల పట్టికల్లో వయసు, లింగం, రంగు రాసేందుకు గడులు ఉండేవి గానీ సాధారణంగా పేరు రాసేవారు కారు. విముక్తి తరువాత జరిగిన 1870 జనగణనలోనే వారందరూ పేర్లతో మొదటిసారి కనబడ్డారు. అప్పుడు అందరూ ఆఖరి యజమాని ఇంటిపేరే తగిలించుకున్నారన్నది ప్రచారంలో ఉన్న మాటే అయినా, హెర్బర్ట్ గట్‌మన్ వంటి చరిత్రకారుల పరిశోధన దానిని సమర్థించదు. చాలామంది పాత యజమాని పేరునో, తమ కుటుంబంలో గుట్టుగా నిలుపుకున్న పేరునో, తమకు నచ్చిన మరో పేరునో ఎంచుకున్నారు. కెంటకీలో బానిసగా పుట్టిన విలియం ఉదంతం ఇందుకు స్పష్టమైన సాక్ష్యం. యజమాని ఇంటికి అదే పేరు గల మేనల్లుడు రావడంతో ఆ బాలుడి పేరును బలవంతంగా మార్చేశారు. 1834లో ఒహాయోలో ఆవిరి పడవ దిగి పారిపోయిన అతడు, దారిలో చలికీ ఆకలికీ సోలిపోయినప్పుడు ఆశ్రయమిచ్చిన, బానిసత్వాన్ని నిరసించిన క్వేకర్ క్రైస్తవ శాఖకు చెందిన వెల్స్ బ్రౌన్ పేరును కృతజ్ఞతతో స్వీకరించాడు గానీ, పోగొట్టుకున్న ‘విలియం’ను మాత్రం వదులుకోలేదు. విలియం వెల్స్ బ్రౌన్ 1853లో లండన్‌లో ప్రచురించిన ‘క్లోటెల్’ను ఆఫ్రికన్ అమెరికన్ రాసిన తొలి నవలగా పరిగణిస్తారు.

అదే ఇంటిపేరు ఎదుటి పక్షంలోనూ కనిపిస్తుంది. రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్ నగరపు నలుగురు బ్రౌన్ సోదరులు 1764లో పెట్టుబడి పెట్టి ఆఫ్రికా తీరానికి పంపిన ‘శాలీ’ నౌక 196 మందిని కొనగా, వారిలో కనీసం 109 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ సోదరులలో మోజెస్ తరువాత పశ్చాత్తాపపడి తన బానిసలను 1773లో విడుదల చేసి బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలో చేరగా, జాన్ బానిస వ్యాపారాన్ని బాహాటంగా సమర్థించి, దానిని అరికట్టే సమాఖ్య చట్టం కింద విచారణను ఎదుర్కొన్న తొలివారిలో ఒకడయ్యాడు. ఆ కుటుంబంలోని తరువాతి తరం ఇచ్చిన 5,000 డాలర్ల విరాళం వల్లనే 1804లో అక్కడి కళాశాల బ్రౌన్ పేరు పెట్టుకుంది. నేటి బ్రౌన్ విశ్వవిద్యాలయం అదే, ఆ గతం మీద అది స్వయంగా నియమించిన సంఘం 2006లో నివేదిక సమర్పించింది. బానిసల విముక్తి కోసం ఆయుధం పట్టి 1859లో ఉరికంబమెక్కిన జాన్ బ్రౌన్ ఈ కుటుంబీకుడు కాడు. బడుల్లో జాతుల వారీ విభజన చెల్లదని 1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన తీర్పుకు కాన్సస్‌కు చెందిన నల్లజాతి తండ్రి ఆలివర్ బ్రౌన్ పేరు నిలిచింది. మేని ఛాయను బట్టి మనుషులను విడదీయడం తప్పన్న ఆ తీర్పు ఒకప్పటి ఛాయపేరుతో వ్యవహారంలో ఉండటం యాదృచ్ఛికమే.

తెలుగు నాట ఈ ఇంటిపేరుకు మరెక్కడా జరగని సంస్కారం ఒకటి జరిగింది. యార్క్‌షైర్‌కు చెందిన మతాచార్యుడు డేవిడ్ బ్రౌన్‌కు 1798లో కలకత్తాలో పుట్టిన సి.పి. బ్రౌన్ కూర్చిన నిఘంటువును పండితులు ‘బ్రౌణ్యం’ అన్నారు, అంటే నామవాచకం నుంచి సంబంధార్థాన్ని పుట్టించే తద్ధిత ప్రత్యయాన్ని చేర్చి, నకారాన్ని ణకారం చేసి, పరాయి పేరును సంస్కృత శబ్దం లాగా మలిచారు. పేరు ఇంతగా ఇమిడిపోయినా, ఆ రంగుకు మాత్రం తెలుగులో అందరూ ఒప్పుకునే ఒంటి మాట స్థిరపడలేదు. పుస్తకాల్లో గోధుమరంగు అనీ కపిలవర్ణం అనీ రాస్తారు గానీ, బట్టల దుకాణంలో చీర అడిగేవారు బ్రౌన్ కలరే చూపించమంటారు.