పొద్దున వాక్యం, మాపున ప్రార్థన: మన చదువు చరిత్రలో రాయని పేజీ



గత భాగంలో హిందూపురం చింతపండు మార్కెట్లో మన ఆడవాళ్ళ కూలి గురించి రాశాను. దాని కింద ఒక డిగ్రీ విద్యార్థి ఇలా అడిగాడు: "సార్, మా అమ్మ రోజూ నాలుగున్నరకు లేచి బైబిలు చదివి ప్రార్థన చేస్తుంది. నన్నూ కూర్చోమంటుంది. నేను అంబేడ్కర్‌ని చదువుతున్నాను. కూర్చోవాలా, లేచిపోవాలా?"

వారం రోజులు జవాబివ్వలేదు. ఇరవై ఏళ్ళ వయసులో నేను లేచిపోయినవాణ్ణి. అందుకే ఈసారి మార్కెట్ లెక్కలు పక్కన పెట్టి దీని చరిత్ర రాస్తున్నాను.

మా అవ్వకు చదువు రాదు. పగలంతా మండీలో చింతపండు కొట్టి గింజలు తీసేది. మాపటికి చేతులు నల్లగా, పుల్లటి వాసన. బువ్వ తిన్నాక బుడ్డి ముందర నన్ను కూర్చోబెట్టి, "సదువు నాయనా" అనేది. నాకు ఎనిమిదేళ్ళు. నిద్ర ఆపుకోలేక ఒక వరుస వదిలేసి తర్వాతి వరుసకు దూకేవాణ్ణి. కళ్ళు మూసుకుని వింటున్న అవ్వ వెంటనే పట్టుకునేది: "ఒగటి ఇడిసిపెట్టినావు. మల్లా సదువు." చదువు రాని మనిషి నా చదువులో తప్పు ఎలా పట్టుకుంటుందో అప్పుడు అర్థమయ్యేది కాదు. ముప్పై ఏళ్ళుగా విని విని ఆమెకు పుస్తకం నోటికొచ్చేసింది.

నిర్గమకాండంలో ఒక భాగం ఉంది. గడ్డి ఇవ్వకుండానే ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదని ఫరో హుకుం చేస్తాడు. అది చదివిన రాత్రి అవ్వ, "ఈ ఫరో అనేటోడు మన సావుకారు మాదిరే ఉండాడే" అంది. తర్వాత ప్రార్థన. అందులో సావుకారు పేరుంది, బాకీ ఎంతో ఉంది, తూకంలో ఎంత కోశాడో కూడా ఉంది. దేవునికి లెక్క అప్పజెప్పినట్టుగా చెప్పింది. చివర్లో ఆ సావుకారు బిడ్డకు జ్వరం తగ్గాలని కూడా అడిగింది. అది నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడదు.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. ఎం.ఏ.లో ఆధునిక వచనం అనగానే చిన్నయసూరి నీతిచంద్రికతో (1853) మొదలుపెట్టి వీరేశలింగం దగ్గరికి వెళ్ళేవాళ్ళం. నీతిచంద్రిక వచ్చిన మరుసటి ఏడాదే, 1854లో, బైబిలు మొత్తం తెలుగులో అచ్చయింది. అంత పెద్ద వచన గ్రంథం, అప్పటినుంచి ఇప్పటిదాకా మన పేటల్లో రోజూ గొంతెత్తి చదువుతున్న గ్రంథం, మా సిలబస్‌లో ఒక్క వాక్యానికి కూడా నోచుకోలేదు. అది మతగ్రంథం కాబట్టి అంటారు. మరి భాగవతం?

కథ ఇంకా వెనక్కి పోతుంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరి మద్రాసులో ఉండగా 1730 ప్రాంతంలోనే బైబిలును తెలుగు చేశాడు. అది అచ్చుకు నోచుకోలేదు. కానీ ఆయన జర్మనీకి తిరిగి వెళ్ళి 1746లో హాలే పట్టణంలో తెలుగులో వేయించిన చిన్న మతబోధ పుస్తకాలతోనే మన అచ్చు పుస్తకాల చరిత్ర మొదలవుతుంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు జార్జ్ క్రాన్, డెస్‌గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. వాళ్ళకు తెలుగులో సాయపడినవాడు క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు. మూడు సువార్తలు 1812లో, కొత్త నిబంధన 1818లో అచ్చయ్యాయి. మన బైబిల్లో ప్రాయశ్చిత్తం, నీతిమంతుడు, పరిశుద్ధాత్మ లాంటి మాటలు అంత బరువుగా ఉన్నాయంటే పండితుల చెయ్యి పడింది కాబట్టే. శాస్త్రం వింటే చెవిలో సీసం పొయ్యమన్న వాళ్ళ భాషే, చుట్టూ తిరిగి, వాడలో అవ్వ నోట "పరిసుద్దాత్మ" అయింది.

మన ప్రాంతం సంగతి కొంచెం వేరు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 1882 దాకా బళ్ళారి జిల్లాలోవే. బళ్ళారిలో జాన్ హ్యాండ్స్ 1810 నుంచి పనిచేశాడు, 1831కల్లా కన్నడ బైబిలు వచ్చింది. లండన్ మిషన్ వాళ్ళు కడపలో 1822 నుంచి, తర్వాత జమ్మలమడుగు, గుత్తి, అనంతపురంలో ఉన్నారు. మదనపల్లెలో ఉండిన జేకబ్ చాంబర్లేన్ తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడుగా చాలా ఏళ్ళు పనిచేశాడు. అటు తెలుగు, ఇటు కన్నడ, మధ్యన మనం. మడకశిర వైపు ఇప్పటికీ ఒకే ఇంట్లో కోడలు కన్నడలో చదివితే అత్త తెలుగులో ప్రార్థన చెయ్యడం చూడొచ్చు.

రోజుకు ఇంత భాగం అని లెక్కగట్టి చదివే పద్ధతి ఎక్కడిది? జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ క్రైస్తవులు 1728 నుంచి దినానికొక వాక్యం పంచుకున్నారు. ఇంగ్లండ్‌లో ఆనీ మార్స్టన్ అనే ఆదివారపు బడి పంతులమ్మ తన పిల్లలకు ఏ రోజు ఏది చదవాలో చీటీలు రాసిచ్చేది. ఆ ఆలోచనే 1879 ఏప్రిల్ 1న స్క్రిప్చర్ యూనియన్ కార్డులుగా మొదలై దేశదేశాలకు పాకింది. ఇవాళ మన ఇళ్ళల్లో ఉండే అనుదిన ధ్యానాల పుస్తకాలకు, ఫోన్లో పొద్దున్నే వచ్చే వాక్యానికి తాతముత్తాతలు ఇవే.

అయితే ఇంగ్లండ్ ఇంటికీ మన పల్లెకూ పెద్ద తేడా ఉంది. అక్కడ మనిషికొక పుస్తకం, ఒంటరిగా గదిలో కూర్చుని చదువుకోవడం. మన పల్లెల్లో పుస్తకం ఒకటే ఉండేది, అదీ ఉపదేశి చేతిలో. పగలు కూలి, చీకటి పడ్డాక గంట మోగితే అందరూ చేరాలి. దోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన అజరయ్య ఈ రాత్రి ఆరాధనను పల్లెపల్లెలో పట్టుబట్టి నడిపించాడు. కథ చెప్పడం, అడగడం, మళ్ళీ చెప్పించడం, పాట, ప్రార్థన. రోజూ. బడీ అదే, గుడీ అదే, చాలాసార్లు ఒకటే కొట్టం. అందులో కంఠతాపెట్టిన అమ్మల బిడ్డలు అక్షరాలు నేర్చారు, వాళ్ళ బిడ్డలు టీచర్ ట్రైనింగ్ చేశారు, వాళ్ళ బిడ్డల్లో నాలాంటి వాళ్ళు కాలేజీల్లో పాఠాలు చెబుతున్నారు. మన చదువు దయాదాక్షిణ్యంగా వచ్చిందని ఎవరైనా అంటే ఆ రాత్రి బడిని గుర్తుచెయ్యండి. పన్నెండు గంటల కూలి చేసినవాడు మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ధ్యానాన్ని మనకు మిషనరీలే నేర్పలేదు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడు. ఒంగోలు వైపు ఎర్రగుంట్ల పేరయ్య, 1866లో బాప్తిస్మం తీసుకున్న మాదిగ, అంతకుముందే యోగ గురువుల దగ్గర ధ్యానం నేర్చినవాడు. ఎమ్మా క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ పాత గురువుల సంగతి వివరంగా ఉంది. ఊరి గుడిలో చోటు లేనివాడు వెతుక్కుంటూ వెతుక్కుంటూ వెళ్ళిన దారి అది. క్రైస్తవం ఆ దారిలో ఒక మలుపు. మిషన్ రిపోర్టులు మాత్రం చీకటి నుంచి వెలుగుకు వచ్చినట్టు రాసుకున్నాయి, ఎందుకంటే చందాలు రావాలి కదా.

ఇక ప్రార్థన. వాక్యం పుస్తకంలోది, పండితుడి తెలుగు. ప్రార్థన మాత్రం సొంత మాట. పూజారి లేడు, మంత్రం లేదు. వాడలో ఆడమనిషి పదిమంది వింటుండగా తన కష్టాన్ని తన యాసలో, పేర్లతో సహా, చెప్పుకోగల చోటు అంతకుముందు ఏది? పంచాయతీ కట్ట దగ్గర ఆమెను నిలబడనివ్వరు. ఊళ్ళో చెప్పులు చేతబట్టుకుని నడవాలి. ప్రార్థన కూటంలో ఆమె గొంతెత్తి మాట్లాడుతుంది, మధ్యలో ఎవరూ ఆపరు. నాకు జాషువ గబ్బిలం (1941) చదివిన ప్రతిసారీ ఈ కూటమే గుర్తొస్తుంది. గుడిలోకి పోలేని అరుంధతీసుతుడు గబ్బిలంతో శివుడికి మొర పంపుతాడు. అది మేఘసందేశం పద్ధతి అని మేము పరీక్షల్లో రాశాం. నిజమే. కానీ తాను పడ్డ అన్యాయాలన్నీ వరుసబెట్టి దేవుడికి అప్పజెప్పడం జాషువ కాళిదాసు దగ్గర నేర్చుకోలేదు. వినుకొండలో క్రైస్తవ ఇంట్లో పుట్టినవాడికి ఆ గొంతు ఎక్కడిదో పెద్దగా పరిశోధన అక్కర్లేదు.

ఇప్పుడు అంబేడ్కర్ దగ్గరికి. మతం మారిన అంటరానివాళ్ళ స్థితి మీద ఆయన రాసిన వ్యాసం తప్పక చదవండి. నీ కష్టానికి కారణం నీ పాపమే అని నేర్పితే, కష్టపెట్టే వ్యవస్థ మీద తిరగబడే శక్తి చచ్చిపోతుందని ఆయన విమర్శ. క్రైస్తవులు తమ బాధను రాజకీయంగా వినిపించలేదని కూడా అన్నాడు. దీనికి నా దగ్గర సులువైన సమాధానం లేదు. ఓర్చుకో, పరలోకంలో దొరుకుతుంది అని చెప్పే ప్రసంగాలు నేను వందలు విన్నాను. మాల గుడి వేరు, మాదిగ గుడి వేరు అయిన ఊళ్ళు చూశాను. రోజూ ఒకే వాక్యం చదివి, పిల్లనిచ్చే దగ్గర మాత్రం ఉపకులం అడిగేవాళ్ళు మన చుట్టాలే.

కానీ ఇదీ చూశాను. మా అమ్మ తరంలో ఇళ్ళ స్థలాల కోసం వాడ ఆడవాళ్ళు మండలాఫీసు చుట్టూ తిరిగారు. రేపు రా, మాపు రా. ఒక వారం కూటంలో లూకా సువార్తలోని విధవరాలి కథ వచ్చింది. దేవునికి భయపడని న్యాయాధిపతిని రోజూ వెళ్ళి విసిగించి విసిగించి తీర్పు తెచ్చుకున్న ఆమె. పాస్టరుగారు విసుగక ప్రార్థించాలని అర్థం చెప్పారు. ఆడవాళ్ళు ఇంకో అర్థం తీసుకున్నారు. మరుసటి సోమవారం నుంచి రోజుకు నలుగురు చొప్పున వంతులేసుకుని ఆఫీసు ముందు కూర్చున్నారు. పొద్దున ప్రార్థన చేసి, సద్ది కట్టుకుని. పట్టాలు రావడానికి ఏడాదిన్నర పట్టింది. అందరికీ రాలేదు.

1985 జూలై 17న కారంచేడులో చంపబడ్డ మాదిగల పేర్లలో మోషే ఉంది, యెహోషువ ఉంది. బానిసలను బయటికి నడిపించినవాళ్ళ పేర్లు తల్లులు ఊరికే పెట్టలేదు. ఆ నెత్తుటి నుంచి లేచిన దళిత ఉద్యమం మనందరిదీ.

ఇదంతా పాత చరిత్ర అనుకోకండి. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హిందువై ఉండాలి. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సి, ఒక్క శాతం. 1977 నాటి జీవో 341 కొన్ని రాయితీలిచ్చింది, చట్టబద్ధమైన హక్కులివ్వలేదు. 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసి పంపింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ సెల్వరాణి కేసులో, ఆమె క్రమం తప్పక చర్చికి వెళ్తుందన్న విషయాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఎస్సీ సర్టిఫికెట్ నిరాకరించింది. 2025లో మన హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని ఫిర్యాదు చేసిన ఒక పాస్టరుకు అట్రాసిటీ చట్టం వర్తించదంది. తిట్టినవాడికి అతని కులం గుర్తుంది, చట్టానికి మాత్రం లేదు.

అంటే మా అవ్వ బుడ్డి ముందర చేసిన పని ఇవాళ సాక్ష్యం. నా సర్టిఫికెట్ విచారణకు ఆఫీసు మనిషి వచ్చిన రోజు మా అమ్మ ఆ బైబిలును తీసుకెళ్ళి రాగుల డబ్బాలో దాచింది. ఆయన మంచినీళ్ళు తాగి, గోడలు చూసి వెళ్ళాడు. ఆ రాత్రి అమ్మ పుస్తకం బయటికి తీసి, పిండి దులిపి, చాలాసేపు చదవకుండా కూర్చుంది. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. నేను లేచిపోయింది ఆ రాత్రే. కోపం దేవుడి మీదో, ఆఫీసు మీదో, అమ్మ మీదో తెలియలేదు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. నమ్మకం ఉందా లేదా అన్నది నీ ఇష్టం. కానీ ఒక వారం కూర్చో. ఆమె ఏ భాగం చదివింది, దాన్ని ఎవరికి అన్వయించింది, ప్రార్థనలో ఎవరి పేరు చెప్పింది, ఏం అడిగింది, అన్నీ ఆమెకు చెప్పి, ఒప్పుకుంటే రాసుకో. ఈ ధారావాహిక చదివే మిగతావాళ్ళు కూడా మీ అవ్వల, అమ్మల ప్రార్థనలు రాసి పంపండి. మనుషుల పేర్లు తీసెయ్యండి. ఊరు, సుమారు సంవత్సరం, చేసే పని ఉంటే చాలు. యాస మాత్రం దిద్దకండి.