ఎల్ల దాటిన ధనము

బేతంచెర్ల యనగానే నాపరాయి తలపునకు వచ్చును. ఆ యూరికి సమీపముననే 1948 వరకు వేరొక ప్రభుత్వముండెనని నేటి బాలురలో నెందరెరుగుదురు? బనగానపల్లె నవాబుల సంస్థానము దాదాపు 255 చదరపు మైళ్ల నేల మాత్రమే. అయినను నది బ్రిటిషు ఇండియాలోనిది కాదు. బేతంచెర్లయో, చెన్నపురి రాజధానియందలి కర్నూలు జిల్లాలోనిది. ఇరువైపులను భాష యొకటే, మెట్టసేద్య మొకటే. ప్రభుత్వములు మాత్రము రెండు. ఇట్టి చోట నొకవైపున కాపురముండి రెండవవైపున గడించువాడు ఆదాయపు పన్ను నెవరికి చెల్లింపవలెను?

1857 నాటి తిరుగుబాటు వలన బొక్కసము చితికిపోగా, 1860లో జేమ్సు విల్సను ఈ పన్నును మన దేశమున ప్రవేశపెట్టెను. 1865లో నది నిలిచిపోయెను. పిమ్మట 1886 నాటి చట్టముతో స్థిరపడెను. ఆ చట్టము సేద్యపు రాబడిని విడిచిపెట్టినందున రైతునకు దీని బాధ లేకపోయెను. వర్తకులును, జీతగాండ్రును, వారిలోను నిర్ణీతమైన మొత్తమునకు మించి రాబడి గలవారును మాత్రమే దీనికి లోబడిరి.

1922 నాటి చట్టమును 1939లో సవరించినప్పుడు ఎల్లల ప్రశ్న స్పష్టముగా పైకి వచ్చెను. బ్రిటిషు ఇండియా నివాసికి దేశీయ సంస్థానమున పుట్టిన రాబడిపై పన్ను లేదు. కాని దానిని బ్రిటిషు ఇండియాలోనికి తెచ్చినచో పన్ను కలదు. బేతంచెర్ల వర్తకుడొకడు బనగానపల్లెలో లాభము గడించెననుకొందము. ఆ ధనము నచ్చటనే దాచినచో పన్ను లేదు. బిడ్డ పెండ్లికో, కుమారుని చదువునకో ఇంటికి తెచ్చినచో పన్ను పడును. ధనము నూరక నిలుపగల సంపన్నునకు లాభము. సంపాదించినది సంసారమునకు వెచ్చింపక తీరనివానికి భారము. ఇది న్యాయమని చదువరు లొప్పుకొందురా?

1948 ఫిబ్రవరిలో బనగానపల్లె మద్రాసు రాష్ట్రమున విలీనమయ్యెను. 1949 నాటి శాసనము విలీన సంస్థానములకు పన్ను చట్టమును విస్తరింపజేసెను. 1950లో రాజ్యాంగము సేద్యేతరమగు నాదాయముపై పన్నును కేంద్రమున కప్పగించెను. కావుననే నేడు బేతంచెర్ల వాసి కర్ణాటకమందలి బళ్లారిలో నుద్యోగము చేసినను ఆదాయపు పన్ను మారదు. రాష్ట్రములకు మిగిలినది వృత్తి పన్ను. దానికిని ఏటికి 250 రూపాయల హద్దు పెట్టిరి. 1988లో నా హద్దును 2,500 రూపాయలకు పెంచిరి.

అమెరికాలో నట్లు కాదు. న్యూజెర్సీలో నివసించి న్యూయార్కులో పనిచేయు తెలుగువాడు రెండు రాష్ట్రములకును లెక్కలు చూపవలెను. న్యూయార్కునకు చెల్లించిన పన్నునకు న్యూజెర్సీ తగ్గింపు నిచ్చును గనుక నొకే రాబడి రెండుమార్లు పూర్తిగా నలుగదు. మనము ఎల్లను చెరిపి సాధించినదానిని వారు ఎల్లను నిలిపి, లెక్కచేత సాధించుచున్నారు.

మార్గమేదైనను ధర్మ మొక్కటియే. పన్ను మనుష్యుని శక్తిని చూడవలెను గాని, అతడు దాటిన పొలిమేరను కాదు. ఈ లెక్క గృహయజమానికే కాక గృహిణికిని తెలిసియుండవలెను. పెండ్లికిని చదువునకును మిగులు ధన మెంతయో తెలియక సంసారము నడపుట యెట్లు?